కష్టపడతాడా, పడడా? బాస్కెట్‌బాల్ తారల మీద అభిమానుల తెగని పంచాయితీ

2025 ఫిబ్రవరి 1, శనివారం. డాలస్‌లో రాత్రి 11 దాటాక ఫోన్లలోకి ఒక వార్త వచ్చింది. మావెరిక్స్ జట్టు తన తురుపుముక్క లూకా డోన్చిచ్‌ను లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేసింది. బదులుగా ఆంథొనీ డేవిస్‌ను, మాక్స్ క్రిస్టీని, 2029 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) ఒక మొదటి రౌండ్ అవకాశాన్ని తీసుకుంది. చాలామంది నమ్మలేదు. వార్త పెట్టిన విలేకరి ఖాతాను ఎవరో హ్యాక్ చేశారనుకున్నారు. డోన్చిచ్‌కు అప్పటికి 25 ఏళ్లు. ఎనిమిది నెలల కిందటే జట్టును ఫైనల్స్‌కు తీసుకెళ్లాడు. వరసగా ఐదేళ్లు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఉత్తమ అయిదుగురిలో చోటు దక్కించుకున్నాడు. అలాంటివాణ్ని ఎవరైనా చేజేతులా వదులుకుంటారా?

కారణాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మావెరిక్స్ జనరల్ మేనేజర్ నికో హారిసన్ పైకి చెప్పింది డిఫెన్స్ గురించి. ఛాంపియన్‌షిప్ గెలిపించేది డిఫెన్సేనని ఆయన నమ్మకం. పత్రికల్లో లోపలి మాటగా వచ్చింది వేరు. లూకా బరువు పెరుగుతున్నాడట, ఒంటి మీద శ్రద్ధ లేదట, పదేపదే పిక్క నొప్పితో కూర్చుంటున్నాడట. అలాంటివాడికి ఐదేళ్లకు దాదాపు 34.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాసివ్వడానికి జట్టు జంకిందట.

దాంతో అభిమానులు రెండు పక్షాలయ్యారు. డాలస్‌లో ఎక్కువమంది లూకా పక్షమే. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ ఎదుట జట్టు పాత తార డర్క్ నొవిట్స్కీ విగ్రహం దగ్గర పూలు పెట్టి, ఉత్తుత్తి శవపేటిక తెచ్చి నిరసన తెలిపారు. నికోను తీసేయాలన్న నినాదాలు నెలల తరబడి ఆ హాల్లో మోగుతూనే ఉన్నాయి. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో వంటి శివారు ఊళ్లలో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. అక్కడ పుట్టి పెరుగుతున్న పిల్లలకు మావెరిక్స్ సొంత ఊరి జట్టు. కాబట్టి ఈ గొడవ తెలుగువాళ్లకు మరీ పరాయిదేమీ కాదు.

రెండో పక్షం వాదన కూడా తీసిపారేసేది కాదు. ఇంత ప్రతిభ ఉన్నవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుంటే ఇంకెంత ఎత్తుకు పోయేవాడో కదా అని వాళ్ల బాధ. డిఫెన్స్‌లో వెనకబడి, రిఫరీలతో వాదులాడుతూ నిలబడిపోయిన డోన్చిచ్‌ను 2024 ఫైనల్స్‌లో వాళ్లు కళ్లారా చూశారు. మూడో ఆటలో, ఇంకా నాలుగు నిమిషాలు ఉందనగా ఆరో ఫౌల్‌తో బయటికి పోవడమూ చూశారు. ఛాతీకి, మోకాలికి, చీలమండకు దెబ్బలతోనే అతను ఆ సిరీస్ ఆడాడని మొదటి పక్షం గుర్తు చేస్తుంది. ఒకే ఆటగాడు, అవే ఆటలు. ఒకరికి బద్ధకం కనిపించింది, ఇంకొకరికి త్యాగం కనిపించింది.

ఒక మాటలో నాలుగు ప్రశ్నలు

ఈ వాదన ఎందుకు తెగదో తెలియాలంటే ముందు దాన్ని విడదీయాలి. ఆటగాడు కష్టపడతాడా అని అడిగినప్పుడు అభిమానులు నిజానికి నాలుగు వేర్వేరు సంగతులు అడుగుతున్నారు. ఆటలో నైపుణ్యానికి ఏటేటా సానబెడుతున్నాడా? ఒంటిని కాపాడుకుంటున్నాడా? ఆట ఉన్న రోజున కోర్టు మీద ఉంటున్నాడా? గెలవాలన్న ఆకలి అతనిలో కనిపిస్తోందా? ఒకదానిలో నూటికి నూరు తెచ్చుకున్నవాడు ఇంకోదానిలో తప్పొచ్చు. ఒకరు మొదటి ప్రశ్నకు జవాబు చెబుతుంటే ఎదుటివారు రెండోదాని మీద కొట్లాడుతుంటారు. ఎన్‌బీఏలో గత నలభై ఏళ్ల పెద్ద వాదనలన్నీ ఇలా నడిచినవే.

కథలు ఎలా పుట్టాయి

కష్టపడే ఆటగాడి కథకు మూలపురుషుడు మైకేల్ జోర్డాన్. 1978లో నార్త్ కరొలినాలోని విల్మింగ్టన్‌లో, లేనీ హైస్కూల్ జట్టు నుంచి అతన్ని తీసేశారని, ఆ కసితోనే ప్రపంచాన్ని ఏలాడని చెప్పుకుంటారు. జరిగింది కాస్త వేరు. పదో తరగతి కుర్రాళ్లను సాధారణంగా జూనియర్ జట్టులోనే ఆడించేవారు. పెద్ద జట్టుకు ఎత్తు కావాలి కాబట్టి తోటివాడైన లెరాయ్ స్మిత్‌ను తీసుకున్నారు. జోర్డాన్ ఆ ఏడు జూనియర్ జట్టులో ఆడుతూనే ఉన్నాడు. అయినా అవమానం అవమానమే. 2009లో హాల్ ఆఫ్ ఫేమ్ సభకు లెరాయ్ స్మిత్‌ను పిలిపించి మరీ ఆ సంగతి గుర్తు చేశాడు. ఎన్‌బీఏలోకి వచ్చాక డెట్రాయిట్ పిస్టన్స్ మోటు దెబ్బలకు తట్టుకోలేక 1988, 1989, 1990లలో వరసగా ఓడిపోయాడు. 1989లో టిమ్ గ్రోవర్ అనే ట్రైనర్‌ను పెట్టుకుని కండ పెంచాడు. 1991లో అదే డెట్రాయిట్‌ను నాలుగుకు నాలుగు ఆటలు ఓడించి తొలి ఛాంపియన్‌షిప్ గెలిచాడు.

ఇదే జోర్డాన్ 1993 మే నెలలో న్యూయార్క్ నిక్స్‌తో ప్లేఆఫ్ సిరీస్ రెండో ఆటకు ముందు రాత్రి అట్లాంటిక్ సిటీ జూదశాలకు వెళ్లాడు. మర్నాడు అతని జట్టు చికాగో ఓడింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి, అతనికి ఆట మీద ధ్యాస ఉందా అని అడిగాయి. తర్వాత చికాగో వరసగా నాలుగు ఆటలు గెలిచి సిరీస్‌ను, ఆ తర్వాత ఛాంపియన్‌షిప్‌నూ పట్టుకుపోయింది. దాంతో జూదశాల ప్రయాణం కూడా అతని పట్టుదల కథల్లోనే కలిసిపోయింది. నిక్స్ గెలిచి ఉంటే ఆ రాత్రి గురించి ఇప్పటికీ ఇంకోలా చెప్పుకునేవారు. ఫలితం ముందు వస్తుంది, కష్టం కథ దాని వెనక అల్లుతారు. అభిమానుల వాదనలో అన్నిటికన్నా బలమైన పక్షపాతం ఇదే.

కోబీ బ్రయంట్ విషయంలో కథ ఇంకా పెద్దదైంది. 1997 మే 12న యూటా జాజ్‌తో ప్లేఆఫ్ ఆట. 18 ఏళ్ల కుర్రాడు చివరి నిమిషాల్లో, ఓవర్‌టైమ్‌లో కలిపి నాలుగు షాట్లు వేశాడు. ఒక్కటీ రింగునైనా తాకలేదు. ఊరు చేరగానే జిమ్‌కు వెళ్లి తెల్లవార్లూ షాట్లు వేశాడన్న కథను అభిమానులు ఇప్పటికీ భక్తిగా చెప్పుకుంటారు. కోబీ తర్వాత చెప్పిన విషయం మాత్రం అంతకన్నా విలువైనది. హైస్కూల్లో ఏడాదికి ముప్ఫై చిల్లర ఆటలు ఆడిన కాళ్లు ఎన్‌బీఏ 82 ఆటల భారానికి చాలలేదు. గురి సరిగానే ఉంది, కాళ్లలో సత్తువ లేక బంతి ముందే రాలిపోయింది. అందుకని ఆ వేసవిలో బరువులెత్తి కాళ్లు గట్టిపరచుకోవడం మీద పడ్డాడు. జబ్బేమిటో కనుక్కుని దానికే మందు వేసుకున్నాడు. ఎన్ని గంటలు సాధన చేశాడన్న దానికన్నా ఇదే అతని అసలు గొప్పతనం.

2008 ఒలింపిక్స్ అమెరికా జట్టు లాస్ వేగాస్‌లో శిబిరం పెట్టినప్పటి ముచ్చట మరోటి. రాత్రంతా ఊరు తిరిగి తెల్లవారుజామున హోటల్‌కు చేరిన ఆటగాళ్లకు, వ్యాయామ దుస్తులతో జిమ్‌కు బయల్దేరుతున్న కోబీ ఎదురొచ్చాడు. కొద్ది రోజుల్లో లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్ కూడా అతని వెంట పొద్దున్నే లేవడం మొదలెట్టారు. 2022లో వచ్చిన ‘ది రిడీమ్ టీమ్’ డాక్యుమెంటరీలో ఆ జట్టువాళ్లే ఈ సంగతి చెప్పారు. ఒకరి సాధన చూసి పక్కవాళ్లు మారడమన్నది ఏ లెక్కల్లోనూ కనిపించదు. కానీ జట్టుకు దానంత లాభం ఇంకోటి లేదు.

లేకర్స్‌లో కోబీ సరసన ఎనిమిదేళ్లు ఆడిన షకీల్ ఓనీల్ ఇందుకు పూర్తిగా విరుద్ధమని పేరు. 2002 వేసవిలో కాలి వేలికి శస్త్రచికిత్స అవసరమైతే సెప్టెంబరు దాకా వాయిదా వేశాడు. జట్టు పనిమీద దెబ్బ తగిలింది కాబట్టి జట్టు సమయంలోనే కోలుకుంటానన్నాడు. అతను లేని తొలి 12 ఆటల్లో లేకర్స్ మూడే గెలిచింది. వరసగా మూడేళ్లు ఛాంపియన్‌గా నిలిచిన జట్టు 2003లో రెండో రౌండ్‌లోనే ఇంటిదారి పట్టింది. ఫ్రీ త్రోల్లో అతని జీవితకాల సగటు 52.7 శాతం, అంటే రెండు వేస్తే ఒకటి. షక్ తనలా సాధన చేసి ఉంటే తాను 12 ఛాంపియన్‌షిప్‌లు గెలిచేవాణ్నని కోబీ 2019లో అన్నాడు. షక్ అభిమానుల జవాబు సూటిగా ఉంటుంది. 2000, 2001, 2002 ఫైనల్స్ మూడింటిలోనూ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, ఎవరు? షకీలే కదా. ఆ మూడేళ్లూ అతని ముందు నిలబడగలిగిన సెంటర్ లీగ్‌లో లేడు.

రెండు వైపులా నిజం ఉంది. ఒంటి విషయంలో షక్ అశ్రద్ధ చేశాడు, దానికి జట్టు మూల్యం చెల్లించింది. ఆట ఉన్న రోజున అతను ఇచ్చింది మాత్రం ఎవరూ ఇవ్వలేనిది.

ప్రాక్టీసు మాట, ఆట మాట

2002 మే 7న ఫిలడెల్ఫియాలో అలెన్ ఐవర్సన్ విలేకరుల ముందు కూర్చుని ప్రాక్టీసు అన్న మాటను 20 సార్లకు పైగా అన్నాడు. మనం మాట్లాడుతున్నది ఆట గురించి కాదు, ప్రాక్టీసు గురించి అని మళ్లీమళ్లీ అన్న ఆ వీడియోను అప్పటినుంచి కోట్లమంది చూసి నవ్వుకున్నారు. బద్ధకానికి అతన్ని నిలువెత్తు ఉదాహరణ చేశారు. కోచ్ లారీ బ్రౌన్‌తో అతనికి ప్రాక్టీసుల మీద పేచీలు ఉన్న మాట నిజమే.

ఆ సమావేశమంతా వింటే ఇంకో మనిషి కనిపిస్తాడు. ఆ సీజన్ మొదలయ్యే రోజుల్లో అతని ప్రాణస్నేహితుడు హత్యకు గురయ్యాడు. ఆ దుఃఖాన్ని అతను అక్కడే చెప్పుకున్నాడు. జట్టు అప్పుడే తొలి రౌండ్‌లో బోస్టన్ చేతిలో ఓడింది, అతన్ని ట్రేడ్ చేస్తారన్న పుకార్లు నడుస్తున్నాయి. ఇక అంకెలు చూడండి. ఆరడుగుల మనిషి, ఆ సీజన్‌లో ఆటకు సగటున 43.7 నిమిషాలు కోర్టు మీదే ఉన్నాడు. ఆట మొత్తం 48 నిమిషాలే. లీగ్‌లో అంతసేపు ఆడినవాడు మరొకడు లేడు. అంతకు ముందు ఏడాది, 2001 ఫైనల్స్ తొలి ఆటలో 48 పాయింట్లు కొట్టి లేకర్స్‌ను ఓడించాడు. ఆ ప్లేఆఫ్స్ మొత్తంలో లేకర్స్ ఓడింది ఆ ఒక్క ఆటే. తనకన్నా అడుగు పొడవున్నవాళ్ల మీదికి దూకి, కిందపడి, లేచి మళ్లీ దూకిన మనిషిని అంకితభావం లేనివాడనడం అన్యాయం. ప్రాక్టీసు విషయంలో తోటివాళ్లకు మంచి దారి చూపలేదనడం మాత్రం న్యాయమే. ఈ రెంటినీ విడదీసి చూడనంత కాలం ఐవర్సన్ మీద తీర్పు సగం తీర్పే.

కంటికి కనిపించేది, కనిపించనిది

అభిమానులు బోల్తాపడే మరో చోటు ఒళ్లు. కండలు తిరిగి, మెరిసే శరీరం ఉన్నవాడు కష్టజీవి. కాస్త పొట్ట ఉన్నవాడు సోమరి. ఈ కొలతను చిత్తు చేసినవాడు సెర్బియాకు చెందిన నికోలా యోకిచ్. 2014 డ్రాఫ్ట్‌లో 41వ వాడుగా ఎంపికయ్యాడు. టీవీలో అతని పేరు పిలిచే సమయానికి ఒక టాకో బెల్ ప్రకటన నడుస్తోంది. కుర్రతనంలో రోజుకు మూడు లీటర్ల కోలా తాగేవాణ్నని అతనే చెప్పాడు. అమెరికా ప్రయాణంతో ఆ అలవాటుకు స్వస్తి పలికాడు. 2021, 2022, 2024లలో ఎంవీపీ. 2023లో తన జట్టు డెన్వర్‌కు మొదటి ఛాంపియన్‌షిప్. ఆ రాత్రి అతని మనసంతా సొంబోర్‌లోని ఇంటి మీద, తన గుర్రాల మీద ఉంది. గెలుపు ఊరేగింపు కోసం ఇంకా కొన్ని రోజులు ఉండాలని తెలిసి ఇబ్బందిపడ్డాడు. ఆకలి లేదనడానికి ఇంతకన్నా రుజువు కావాలా అని అడిగేవాళ్లుంటారు. కానీ అదే మనిషి ఫెలిపే ఐషెన్‌బెర్గర్ అనే స్ట్రెంత్ కోచ్‌తో కలిసి ఏళ్ల తరబడి, ఆట ముగిశాక కూడా బరువులెత్తుతూ తన ఒంటిని మార్చుకున్నాడు. సాయంత్రం షాట్లు చూసినవాళ్లలో ఆ తర్వాతి గంటను చూసినవాళ్లు లేరు.

బోస్టన్ తార లారీ బర్డ్ కష్టపడే ఆటగాడిగా పేరు మోసినవాడు. అందరికన్నా ముందు వచ్చి, ఖాళీ హాల్లో ఒంటరిగా షాట్లు వేసుకునేవాడు. 1985 వేసవిలో ఇండియానాలోని ఫ్రెంచ్ లిక్‌లో తల్లి ఇంటి దారికి కంకర తానే పారతో ఎత్తి పోసుకుని నడుం పాడుచేసుకున్నాడు. చివరి ఏళ్లలో బెంచీ పక్కన నేల మీద బోర్లా పడుకుని వంతు కోసం ఎదురుచూసిన బర్డ్‌ను ఆనాటి అభిమానులు మరచిపోలేదు. అతని శ్రమ నిజం. అయితే ఆ శ్రమను చూసే కంటిలో రంగు ఉందన్న మాట 1987లోనే పైకి వచ్చింది. ప్లేఆఫ్స్‌లో బోస్టన్ చేతిలో ఏడో ఆట ఓడాక డెట్రాయిట్ ఆటగాళ్లు డెనిస్ రాడ్‌మన్, ఐజయా థామస్ బర్డ్‌ను తక్కువచేసి మాట్లాడారు. పెద్ద రగడ అయింది. తర్వాత థామస్ తన ఉద్దేశం వివరించాడు. తెల్లవాడు బాగా ఆడితే బుర్రతో, కష్టంతో ఆడాడంటారు. నల్లవాడు బాగా ఆడితే పుట్టుకతో వచ్చిందంటారు. తామేదో తల్లి కడుపులోంచి డ్రిబుల్ చేస్తూ వచ్చినట్టు మాట్లాడతారని అతని ఆవేదన.

పదేళ్లకు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జెఫ్ స్టోన్, జాక్ పెరీ, జాన్ డార్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. విద్యార్థులందరికీ ఒకే కాలేజీ ఆట రేడియో వ్యాఖ్యానం వినిపించి, ఒకే ఆటగాణ్ని అంచనా వేయమన్నారు. కొందరికి ఆ ఆటగాడు నల్లజాతివాడని ఫొటో చూపించారు, కొందరికి తెల్లవాడని. విన్నది ఒకటే అయినా, నల్లవాడనుకున్నవాళ్లు అతని శారీరక సత్తాను ఎక్కువగా మెచ్చుకున్నారు. తెల్లవాడనుకున్నవాళ్లకు అతని తెలివి, శ్రమ ఎక్కువగా వినిపించాయి. 1997లో అచ్చయిన ఈ ప్రయోగం అభిమానులందరూ తెలుసుకోదగ్గది. త్రీ పాయింటర్లకు పేరుపొందిన రే ఆలెన్ తన షూటింగ్‌ను దేవుడిచ్చిన వరమంటే నొచ్చుకునేవాడు, ఎందుకో ఇది చదివితే అర్థమవుతుంది.

ఆలెన్ సాధన ఎలా ఉండేదో ఒక్క ఉదాహరణ చాలు. బాస్కెట్ కింద నేల మీద పడుకునేవాడు. చటుక్కున లేచి, వెనక్కి చూడకుండా మూలకు వెనకడుగులు వేసుకుంటూ పోయి, గీత తొక్కకుండా బంతి అందుకుని త్రీ పాయింటర్ వేసేవాడు. ఆటలో అలాంటి పరిస్థితి ఎప్పుడొస్తుందని చూసేవాళ్లకు అనిపించేది. 2013 జూన్ 18న శాన్ ఆంటోనియోతో ఫైనల్స్ ఆరో ఆటలో వచ్చింది. అతని జట్టు మయామీ మూడు పాయింట్లు వెనకబడి ఉంది, కొద్ది సెకన్లే మిగిలాయి. క్రిస్ బాష్ రీబౌండ్ పట్టాడు. ఆలెన్ వెనకడుగులతో కుడి మూలకు చేరి, పాదాలు గీత ఇవతలే ఉంచి వేశాడు. ఆ షాట్‌తో ఆట సమమైంది, తర్వాత మయామీ ఛాంపియన్ అయింది.

శాస్త్రం ఏమంటోంది

గంటలకొద్దీ సాధన చేస్తే ఎవరైనా శిఖరానికి చేరతారన్న నమ్మకానికి పునాది ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసి 1993లో అచ్చువేసిన పరిశోధన. దాన్ని జనం పదివేల గంటల సూత్రంగా మార్చుకున్నారు. 2014లో బ్రూక్ మెక్‌నమారా, డేవిడ్ హాంబ్రిక్, ఫ్రెడరిక్ ఆస్వాల్డ్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్క తీశారు. క్రీడల్లో ఆటగాళ్ల మధ్య తేడాల్లో సుమారు 18 శాతానికే ఏకాగ్ర సాధన కారణమని తేలింది. 2016లో క్రీడల మీదే మళ్లీ చూస్తే, అగ్రశ్రేణి ఆటగాళ్ల మధ్య ఆ వాటా ఒక శాతానికి దిగింది. సాధన వృథా అని దీనర్థం కాదు. ఎన్‌బీఏ దాకా వచ్చినవాళ్లంతా విపరీతంగా సాధన చేసినవాళ్లే కాబట్టి, వాళ్లలో ఒకణ్ని ఇంకొకడి నుంచి వేరుచేసేది అది ఒక్కటే కాదు.

తెల్లవారుజామునే లేచి సాధన చేసే కథల మీద కూడా శాస్త్రానికి ఒక మాట ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో చెరీ మా అనే పరిశోధకురాలు 11 మంది కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను ఐదు నుంచి ఏడు వారాల పాటు రాత్రికి పది గంటలు పడకమీద ఉండమంది. 2011లో ఫలితాలు వచ్చాయి. ఫ్రీ త్రోలలో 9 శాతం, త్రీ పాయింటర్లలో 9.2 శాతం మెరుగుదల. చిన్న అధ్యయనమే. అయినా నిద్ర మానుకోవడాన్ని అంకితభావానికి కొలమానంగా చూసే అభిమానులు ఆగి ఆలోచించాల్సిన విషయం.

2013-14 నుంచి ఎన్‌బీఏ హాళ్లన్నిటిలో ఆటగాళ్ల కదలికలను కెమెరాలు లెక్కిస్తున్నాయి. ఎంత దూరం పరుగెత్తాడు, ఎంత వేగంతో, ఎన్ని పాస్‌లకు చెయ్యి అడ్డుపెట్టాడు, విడిబంతులు ఎన్ని దక్కించుకున్నాడు, అన్నీ ఇప్పుడు అంకెల్లో దొరుకుతాయి. వాదనకు ఇవి బాగా పనికొస్తాయి, తప్పుదోవ కూడా పట్టిస్తాయి. యోకిచ్, డోన్చిచ్ వంటివాళ్లు కావాలనే నెమ్మదిగా ఆడతారు, ఎదుటివాణ్ని ఆపి, తప్పించి, గతి మార్చి గెలుస్తారు. వాళ్ల సగటు వేగం తక్కువని చూపి బద్ధకం అంటగడితే ఆటే అర్థం కానట్టు.

రాని ఆటకు టికెట్టు కొన్నవాళ్లు

అభిమానుల కోపానికి అన్నిటికన్నా న్యాయమైన కారణం ఆటగాడి గైర్హాజరీ. 2012 నవంబరు 29న మయామీలో ఆట ఉండగా శాన్ ఆంటోనియో కోచ్ గ్రెగ్ పొపొవిచ్ తన ప్రధాన ఆటగాళ్లు డంకన్, పార్కర్, జినోబిలి, డానీ గ్రీన్‌లను ముందే ఇంటికి పంపేశాడు. లీగ్ 2,50,000 డాలర్ల జరిమానా వేసింది. పొపొవిచ్ తగ్గలేదు. 2013-14లో అతని జట్టులో ఏ ఒక్కడూ ఆటకు సగటున 30 నిమిషాలు ఆడలేదు. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ వాళ్లదే. డంకన్ 40 ఏళ్ల వయసు దాకా ఆడాడు, అతన్ని సోమరి అన్నవాడు లేడు.

అదే పద్ధతి కవై లెనర్డ్ దగ్గరికి వచ్చేసరికి నింద అయింది. 2018-19లో టొరంటోకు 82లో 60 ఆటలే ఆడి, ప్లేఆఫ్స్‌లో ఛాంపియన్‌షిప్ అందించాడు. తర్వాతి ఏళ్లలో గాయాలూ విశ్రాంతులూ కలిసి అతని పేరే ఆడనివాడికి మారుపేరైంది. ఈ కవై కాలేజీలో త్రీ పాయింటర్లు 25 శాతమే వేసినవాడు. శాన్ ఆంటోనియో షూటింగ్ కోచ్ చిప్ ఇంగెలండ్‌తో కూర్చుని బంతిని వదిలే తీరునే మార్చుకుని, ఎన్‌బీఏ మొదటి ఏడాదిలోనే 37.6 శాతానికి పెంచుకున్నాడు. నైపుణ్యం ప్రశ్నకు అతనికి పూర్తి మార్కులు. హాజరు ప్రశ్నకు తక్కువ మార్కులు. రెండూ ఒకే మనిషివి.

లీగ్ అభిమానుల పక్షాన దిగింది. 2023-24 నుంచి ఎంవీపీ వంటి పెద్ద పురస్కారాలకు కనీసం 65 ఆటలు ఆడాలని నిబంధన పెట్టింది. విశ్రాంతి ఇస్తే గాయాలు తగ్గుతాయనడానికి తమ లెక్కల్లో ఆధారం కనిపించలేదని 2024 జనవరిలో జట్లకు నివేదిక కూడా పంపింది. పిల్లల్ని తీసుకుని, డబ్బు కూడబెట్టుకుని ఏడాదికి ఒక్కసారి హాలుకు వచ్చే కుటుంబానికి ఇది ఊరట. వాళ్ల కోపం సోమరి మాటలుగా బయటపడినా, దాని అడుగున ఉన్నది మోసపోయామన్న బాధ. లీగ్ దాన్ని గుర్తించడం మంచిదే.

లూకా లెక్క

ఈ నాలుగు ప్రశ్నలనూ డోన్చిచ్ ముందు పెడితే చిత్రం స్పష్టంగా వస్తుంది. నైపుణ్యంలో సందేహమే లేదు. 13 ఏళ్లకు ఇల్లు వదిలి రియల్ మాడ్రిడ్ చేరి, 16 ఏళ్లకే పెద్ద జట్టులో ఆడి, 19 ఏళ్లకు యూరోలీగ్ ఎంవీపీ అయినవాడు పుట్టుకతోనే అన్నీ తెచ్చుకున్నాడనలేం. ఎన్‌బీఏ తొలి ఏడాది త్రీ పాయింటర్లు 32.7 శాతం, 2023-24లో 38.2 శాతం. ఫ్రీ త్రోలు 71.3 నుంచి 78.6కు చేరాయి. ఆ ఏడాది 70 ఆటలాడి సగటున 33.9 పాయింట్లతో లీగ్‌లో మొదటివాడయ్యాడు. కాబట్టి 2024 దాకా హాజరులోనూ పెద్ద లోటు లేదు. ఒంటి విషయంలో విమర్శకులది సరైన మాటే. 2021లో ఒలింపిక్స్ తర్వాత కాస్త ఎక్కువగానే సేదతీరానని అతనే ఒప్పుకున్నాడు.

2025 వేసవిలో కొన్ని వారాలు బంతి పక్కనపెట్టి, ఉపవాస వేళలు పాటించి, చక్కెర తగ్గించి సన్నబడ్డాడు. ఒక ఆరోగ్య పత్రిక ముఖచిత్రం మీదికెక్కాడు. కొత్త సీజన్ మొదటి రెండు ఆటల్లో 43, 49 పాయింట్లు కొట్టాడు. చూశారా, ట్రేడే అతన్ని మార్చిందని ఒకరు, చూశారా, మారగలవాణ్ని వదులుకున్నారని ఇంకొకరు. డాలస్‌లో డేవిస్ తొలి ఆటలోనే గాయపడ్డాడు, జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు, 2025 నవంబరులో హారిసన్ ఉద్యోగం పోయింది. ఫలితం ఇలా వచ్చింది కాబట్టి లూకా ఒంటిపై వచ్చిన విమర్శంతా అబద్ధమనడం కూడా వెనకనుంచి అల్లిన కథే అవుతుంది. విమర్శ నిజం. దాన్నిబట్టి 25 ఏళ్ల వాడి మనసుకు, భవిష్యత్తుకు వెలకట్టడం తప్పు.

వాదనకు చెల్లించే మూల్యం

ఈ చర్చ ఆటగాళ్ల చెవిన పడదనుకోకూడదు. 2019లో గోల్డెన్ స్టేట్ తార కెవిన్ డ్యురాంట్ పిక్క గాయంతో కూర్చున్నప్పుడు, అతను వస్తాడా, రాడా, నిజంగా అంత నొప్పా అని వారాల తరబడి గుసగుసలు నడిచాయి. జూన్ 10న ఫైనల్స్ ఐదో ఆటకు వచ్చాడు. 12 నిమిషాల్లో 11 పాయింట్లు చేసి, మడమ వెనక స్నాయువు తెగి కుప్పకూలాడు. గోల్డెన్ స్టేట్ జనరల్ మేనేజర్ బాబ్ మైయర్స్ ఆ రాత్రి విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. 2013లో కోబీ పోర్ట్‌లండ్‌లో 48 నిమిషాలూ ఆడి, రెండు రోజులకే అదే స్నాయువు తెంచుకున్నాడు. తెగిన కాలితో నిలబడి రెండు ఫ్రీ త్రోలు వేసి వెళ్లడాన్ని అభిమానులు పూజిస్తారు. 34 ఏళ్ల వాణ్ని అన్ని నిమిషాలు ఎందుకు ఆడించారని అడిగినవాళ్లు తక్కువ.

ఇండియానా ఆటగాడు టైరీస్ హాలిబర్టన్‌ది తాజా ఉదాహరణ. 2023-24లో తొడ కండరం గాయం నుంచి తిరిగొచ్చినప్పుడు 65 ఆటల నిబంధన అతని మెడ మీద ఉంది. దాన్ని అతను బాహాటంగానే విమర్శించాడు. ఆ లెక్క దాటితేనే కాంట్రాక్టులో దాదాపు నాలుగు కోట్ల డాలర్లు కలిసే అవకాశం ఉండేది. 69 ఆటలు ఆడాడు. 2025 ఫైనల్స్‌లో పిక్క గాయంతోనే దిగి, జూన్ 22న ఏడో ఆటలో మడమ స్నాయువు తెంచుకున్నాడు. తర్వాతి సీజన్ మొత్తం పోయింది. లూకాను 2024 క్రిస్మస్ నాటి నుంచి కూర్చోబెట్టిందీ పిక్క గాయమే, అప్పుడు అతనికి అంటిన పేరు అశ్రద్ధ.

అభిమానులు వాదించుకోవడం మానాలని ఎవరూ అనరు. జీతం కోట్లలో ఉన్నప్పుడు, టికెట్టు ధర జేబుకు బరువైనప్పుడు అడిగే హక్కు వాళ్లదే. నైపుణ్యం గురించి అడిగితే ఏటేటా మారిన షూటింగ్ శాతాలు చూడాలి. హాజరు గురించి అడిగితే ఆడిన ఆటలతో పాటు వైద్యులు ఆడవద్దన్న ఆటలూ విడిగా లెక్కించాలి. ఒంటి గురించి ఆటగాణ్ని నిలదీయొచ్చు, జట్టునూ నిలదీయాలి, ఎందుకంటే ట్రైనర్లను, వంటవాళ్లను, ఫిజియోలను పెట్టేది జట్టే. మనసులోని ఆకలి ఒక్కటే బయటివాళ్లకు అందని విషయం. ఆ ఒక్కదాని మీదే ఎక్కువమంది ఎక్కువ ధీమాగా తీర్పులిస్తున్నారు, గాయపడ్డవాడు వేళకు ముందే కోర్టులోకి దిగేలా తోస్తున్నదీ ఆ తీర్పులే.